మలబారు టేకూ, నెల్సన్ కాలపు వేషమూ

ఇంగ్లండు ఈశాన్య తీరాన హార్టిల్‌పూల్ అనే రేవుపట్టణం ఉంది. అక్కడి పాత రేవులో మూడు తెరచాప స్తంభాల యుద్ధనౌక ఒకటి నిలిచి ఉంటుంది. దాని పేరు ట్రింకోమలీ. మనం త్రికోణమలై అనే సింహళపు రేవు పేరే అది. ఈ ఓడను కట్టింది ఇంగ్లండులో కాదు, బొంబాయిలో. 1817 అక్టోబరు 12న అది నీటిలోకి దిగింది. బ్రిటన్‌లో నేటికీ నీటిమీద తేలుతున్న యుద్ధనౌకలన్నిటిలోకీ పాతది ఇదే. దేహంలో ఎక్కువ భాగం ఆనాటి మలబారు టేకే.

ఓడ చుట్టూ నెల్సన్ కాలపు రేవువీధి ఒకటి కట్టారు. నౌకాదళ దర్జీ దుకాణం, తుపాకులవాడి దుకాణం, కత్తులవాడి దుకాణం, అచ్చుపనివాడి దుకాణం, కప్తాను ఇల్లు, అన్నీ వరుసగా ఉన్నాయి. ఉత్సవ దినాల్లో ఆ వీధిలోకి వేషధారులు దిగుతారు. ఎర్రకోటు సైనికులు కవాతు చేస్తారు. ఫిరంగి పేలుతుంది. పిల్లలు చెవులు మూసుకుని మళ్లీ పేల్చమంటారు. దీన్ని అక్కడివారు సజీవ చరిత్ర అంటారు. చూడడానికి ఒక పూట చాలదు, ఒక రోజు పెట్టుకోవాలి. నేనూ ఒక రోజు పెట్టుకుని చూశాను. బాగుంది. ఆ మాట ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే ఇటువంటివి చూసి ఆనందించడమే నేరమన్నట్టు మాట్లాడే మిత్రులు మనలో కొందరున్నారు. మందుగుండు వాసన, తారు వాసన, తలవంచితేగాని నడవలేని ఓడ అడుగు అంతస్తు - ఇవి పుస్తకంలో దొరకవు. ఆ అడుగు అంతస్తులో వంగి నడిచినవాడికి నావికుడి నడుము సంగతి కొంతైనా తెలుస్తుంది. ఇంద్రియాల ద్వారా కలిగే జ్ఞానాన్ని భౌతికవాదులు చిన్నచూపు చూడడం విడ్డూరం.

అయితే ప్రదర్శనశాల కూడా ఒక రచనే. దానికీ కర్త ఉన్నాడు, వస్తువు ఉంది, శిల్పం ఉంది, చెప్పిన మాటా చెప్పని మాటా ఉన్నాయి. నవలను విమర్శించినట్టే దాన్నీ విమర్శించవచ్చు. సజీవ చరిత్ర అనే ఈ ప్రక్రియ ఏం చెప్పగలదు, దేన్ని చెప్పలేదు అన్నదే ఇక్కడ నా ప్రశ్న.

మొదట కాలం సంగతి చూద్దాం. రేవువీధి నెల్సన్ కాలానిది. నెల్సన్ 1805లో చనిపోయాడు. వాటర్లూ యుద్ధం 1815లో ముగిసింది. ట్రింకోమలీ నీటిలోకి దిగింది దానికి రెండేళ్ల తర్వాత. 1819లో ఇంగ్లండు చేరేసరికి దానితో పని లేకపోయింది. పైకప్పు వేసి పక్కన కట్టిపెట్టారు. మళ్లీ 1847లో గాని అది నౌకాదళపు పనిమీద సముద్రం ఎక్కలేదు. అంటే ఆ వీధిలో అభినయించే కాలానికీ, పక్కనే నీటిలో ఉన్న ఓడ బతికిన కాలానికీ మధ్య ఒక తరం అంతరం ఉంది. ఆ వీధి కూడా పాతది కాదు, 1990లలో కట్టింది. ఇదేమీ రహస్యం కాదు, అడిగితే వాళ్లే చెబుతారు. కాని గోడలూ ఓడా వేషాలూ ఫిరంగీ ఒక్కచోట చేరేసరికి చూసేవాడి మనసులో అన్నీ కలిసిపోయి ఒకే 'పూర్వకాలం' అయి కూర్చుంటాయి. ఆ పూర్వకాలానికి తేదీలు ఉండవు, నెల్సన్ మాత్రం ఉంటాడు.

ఇక మనవాళ్ల స్పందన ఒకటుంది. ఈ ఓడ బొంబాయిలో పుట్టిందని వినగానే ఛాతీ ఉబ్బుతుంది. దాన్ని కట్టిన ప్రధాన శిల్పి జంషెడ్జీ బొమన్జీ వాడియా, పార్సీ. 1816లో అడుగుదూలం వేసినప్పుడు తమ ఆచారం ప్రకారం దానిలో వెండి మేకు కొట్టాడు. 1812లో ఇంగ్లండు నుంచి పంపిన నమూనా పటాలు దారిలోనే పోయాయి. వాటిని తెస్తున్న జావా అనే ఓడను అమెరికన్లు పట్టుకున్నారు. రెండోసారి పటాలు తెప్పించి పని సాగించారు. భారతీయుల నౌకానిర్మాణ కౌశలం గురించి రాధాకుముద్ ముఖర్జీ 1912లోనే గ్రంథం రాశాడు. పరాయి పాలనలో ఉన్న జాతికి ఆనాడు ఆ గర్వం అవసరమే. భారతీయులు కట్టిన ఓడలు తమ కడుపు కొడుతున్నాయని లండన్ ఓడల నిర్మాతలు గగ్గోలు పెట్టిన మాట కూడా నిజం. ఈ సంగతులను ఆ ప్రదర్శనశాల దాచలేదు. బొంబాయి పేరూ వాడియా పేరూ స్పష్టంగానే చెబుతుంది. మరి మనకు ఇంకేం కావాలి?

కావలసింది టేకు కథ.

ఇంగ్లండులో ఓక్ చెట్లు తరిగిపోయాయి. ఫ్రెంచివారితో ఎడతెగని యుద్ధాలకు ఓడలు కావాలి. కంపెనీ కన్ను మలబారు అడవులమీద పడింది. 1806లో వాట్సన్ అనే పోలీసు కప్తానును అడవుల సంరక్షకుడిగా నియమించారు. సంరక్షణ అన్న మాట విని చెట్లకు మేలు జరిగిందనుకోకూడదు. టేకుమీద గుత్తాధిపత్యం కంపెనీదయింది. సొంత నేలమీద మొలిచిన చెట్టును సొంతదారు కొట్టుకోవడానికి వీల్లేదు. ధర కంపెనీ చెప్పిందే. నేల ఉన్నవాడూ, కలప వర్తకుడూ, వంటచెరకుకోసం అడవికి పోయే రైతూ అందరూ మొత్తుకున్నారు. పదిహేడేళ్లు ఇలా సాగింది. 1823లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఆ గుత్తాధిపత్యాన్ని రద్దుచేశాడు. కడప, అనంతపురం సీమల్లో పిల్లలకు పేరు పెట్టుకున్నారనే ఆ మన్రోయే. ఆయన దయాహృదయం గురించి మనవాళ్లు చెప్పుకునే కథలు అటుంచండి. ఆయన రద్దుచేసింది వర్తకానికి స్వేచ్ఛ కావాలనే సిద్ధాంతంతో. ఏమైనా తేదీలు చూడండి. గుత్తాధిపత్యం 1806 నుంచి 1823 వరకు. ట్రింకోమలీ నిర్మాణం 1816, 1817. ఆ ఓడను కట్టింది ఆ పదిహేడేళ్ల లోపలే.

మలబారు టేకు అని చెప్పడం వేరు, అది మలబారులో ఎవరి చేతుల్లోనుంచి ఎలా వచ్చిందో చెప్పడం వేరు. మొదటిది అలంకారం, రెండోది చరిత్ర. ఎర్రకోటు కుట్టించవచ్చు. గుత్తాధిపత్యానికి ఏ వేషం కుట్టిస్తారు? దాన్ని చూపాలంటే ఒక రైతూ, ఒక గుమాస్తా, ఒక ధరల పట్టికా రంగంమీదికి రావాలి. ఫిరంగి పేలినట్టు అది పేలదు. పిల్లలు మళ్లీ చేయమని అడగరు.

గర్వపడే మిత్రులు జ్ఞాపకం ఉంచుకోవలసింది ఇంకొకటి ఉంది. అదే వాడియా అదే బొంబాయి కార్ఖానాలో 1813లో కార్న్‌వాలిస్ అనే ఓడ కట్టాడు. 1842లో చైనాను లొంగదీసి నాన్‌కింగ్ సంధిమీద సంతకాలు పెట్టించింది ఆ ఓడమీదనే. నల్లమందు అమ్ముకునే హక్కుకోసం జరిగిన యుద్ధం అది. హాంకాంగ్ పోయింది, రేవులు పోయాయి, నష్టపరిహారం కట్టింది చైనా. మన వడ్రంగి పనితనం నిజమే, ఆ పనితనాన్ని ఎవరు ఎవరిమీద వాడుకున్నారన్నదీ నిజమే. మొదటి సగం చెప్పి ఊరుకునే జాతీయగర్వం, రెండు సగాలూ చెప్పకుండా ఫిరంగి పేల్చే ఉత్సవం కంటె పెద్ద ముందడుగేమీ కాదు.

ఇప్పుడు ఓడలోని మనుషుల దగ్గరికి వద్దాం. నెల్సన్ కాలాన్ని అభినయించే చోటల్లా ప్రెస్ గ్యాంగు ఘట్టం ఒకటి ఉంటుంది. అంటే బలవంతపు భర్తీ మూక. కర్రలు పట్టుకున్న వేషధారులు సందర్శకుల్లో ఒక బలిష్ఠుణ్ణి పట్టుకుంటారు. 'రాజుగారి కొలువుకు పనికొస్తావు' అంటారు. అతని పెళ్లాం నవ్వుతుంది, పిల్లలు కేరింతలు కొడతారు. ఒకప్పుడు పెళ్లాం నవ్వలేదు. వర్తకపు ఓడ ఏడాది ప్రయాణం ముగించి తీరం కనుచూపుమేరకు వచ్చాక, ఇల్లు చేరకముందే నావికుణ్ణి పట్టుకుపోయేవారు. తిరిగి వచ్చేదాకా ఆ ఇంటికి జీతం సరిగా అందేది కాదు. వెట్టిచాకిరీ అంటే ఏమిటో తెలిసిన తెలంగాణా పాఠకుడికి ఇది వివరించనక్కరలేదు. దొరగారి మనిషి వచ్చి పిలిచే ఘట్టాన్ని హాస్యంగా ఆడితే మనం ఎంతసేపు చూస్తాం?

నావికులు ఊరికే పడి ఉన్నారా అంటే, లేదు. అసలు కథ ఇక్కడే ఉంది. 1658లో నిర్ణయించిన జీతం 1797 దాకా పెరగలేదు. నూటముప్ఫై తొమ్మిదేళ్లు! ధరలు పెరిగాయి, యుద్ధాలు పెరిగాయి, జీతం పెరగలేదు. పైగా ఓడమీద రేషను పౌనుకు పదహారు ఔన్సులు కాదు, పద్నాలుగే. మిగిలిన రెండు ఔన్సులూ సరుకుల అధికారి వాటా. తక్కువ తూకపు కావిట్టు మన పల్లెలో షావుకారు దగ్గరే ఉంటుందనుకునేవారు ఈ సంగతి గమనించాలి. 1797 ఏప్రిల్‌లో స్పిట్‌హెడ్ లంగరుచోట పదహారు ఓడల నావికులు తెరచాపలెత్తడానికి నిరాకరించారు. ఓడకు ఇద్దరు చొప్పున ముప్ఫైరెండుమంది ప్రతినిధులను ఎన్నుకున్నారు. జీతం పెంచాలి, తూకం సరిగా ఉండాలి, రోగులకు వైద్యం కావాలి అన్నారు. క్రమశిక్షణ చెక్కుచెదరలేదు. ప్రభుత్వం దిగివచ్చింది. మరుసటి నెల థేమ్సు ముఖద్వారంలో నోర్ దగ్గర రెండో తిరుగుబాటు జరిగింది. అక్కడ ప్రభుత్వం దిగిరాలేదు. నాయకుడు రిచర్డ్ పార్కర్‌ను జూన్ 30న ఉరితీశారు, ఇంకా ఎందరినో ఉరితీశారు.

ఇంకా వెనక్కి పోతే 1768లో లండన్ రేవులో నావికులు జీతాలకోసం ఓడల పై తెరచాపలు దించేసి కదలనివ్వలేదు. తెరచాప దించడాన్ని ఇంగ్లీషులో స్ట్రైక్ అంటారు. పని ఆపడానికి ఆ మాట వాడుకలోకి వచ్చింది అక్కడినుంచే. ప్రపంచ కార్మికవర్గం నిత్యం వాడే మాట ఓడ స్తంభంమీద పుట్టింది! ట్రింకోమలీకి రెండేళ్లు ముందు, 1815లో, హార్టిల్‌పూల్‌కు ఎంతో దూరంలేని టైన్, వేర్ నదుల రేవుల్లో బొగ్గు ఓడల నావికులు వారాల తరబడి సమ్మె చేశారు. సైన్యాన్ని దించి అణిచారు. అంటే ఆ తీరానికి సొంత చరిత్ర కావలసినంత ఉంది. అది నాటకీయం కాదనీ ఎవరూ అనలేరు. ఎన్నికైన ప్రతినిధులు, చర్చలు, ఉరికంబం, అన్నీ ఉన్నాయి. వేషం వేయడానికి కావలసినంత కథ. ప్రెస్ గ్యాంగును వేడుకగా ఆడే ఏ ఉత్సవమైనా, ప్రతినిధుల సభను ఎందుకు ఆడదు? పట్టుబడిన నావికుడు నవ్వు తెప్పిస్తాడు, ఓటు వేసిన నావికుడు సందర్శకుడికి తన సొంత కార్ఖానాను జ్ఞాపకం చేస్తాడు. నాకు తోచిన కారణం ఇంతే.

భారతీయ నావికుల మాట కూడా చెప్పాలి. బొంబాయి నుంచి కలకత్తా నుంచి ఇంగ్లండుకు వచ్చే వర్తకపు ఓడల్లో పనిచేసిన వీరిని లాస్కర్లు అనేవారు. వీరు బ్రిటిష్ పాలనలో పుట్టినా బ్రిటిష్ నావికులుగా లెక్కకు రారని 1823 నాటి చట్టం తేల్చింది. మలబారు అడవులమీద గుత్తాధిపత్యం పోయిన సంవత్సరమే అది. టేకును మటుకు బ్రిటిష్ నౌకాదళంలో చేర్చుకోవడానికి ఏ చట్టమూ అడ్డు రాలేదు.

వేషం వేయడమే తప్పని నేను అనడం లేదు. వేషం సంగతి మనకు ఇంకొకరు నేర్పనక్కరలేదు. మన పగటివేషగాళ్లు ఊళ్లోకి వచ్చి కరణం వేషం వేస్తే కరణానికి చెమటలు పట్టేవి. అచ్చు అతనిలాగే నడిచి, అచ్చు అతనిలాగే లెక్కలు తారుమారు చేసి చూపేవాళ్లు. ఊరు నవ్వేది, కాని ఆ నవ్వు ఎవరిమీదో ఊరికి తెలుసు. 1940లలో ప్రజా నాట్యమండలి కళాకారులు 'మాభూమి' ఆడినప్పుడు రంగంమీద వేసిన జాగీరుదారు వేషం కొలతకు సరిపోయిందా లేదా అని ఎవరూ చూడలేదు. ప్రభుత్వం మాత్రం ఆ నాటకాన్ని నిషేధించింది. హార్టిల్‌పూల్‌లోనూ అటువంటి ఉత్సవాల్లోనూ వేషం విషయంలో ఎంత శ్రద్ధ ఉంటుందంటే గుండీ ఎముకదా కంచుదా అన్నదాకా పోతుంది. కాలానికి నమ్మకంగా ఉండటమంటే గుండీకి నమ్మకంగా ఉండటమే అయిపోతుంది. మన సాహిత్యంలో దీన్ని సహజత్వమని పొరబడేవాళ్లున్నారు. పాత్ర కట్టిన చీర రంగు మూడు వాక్యాల్లో చెప్పి ఆమె కూలి ఎంతో చెప్పని కథలు ప్రతి వారమూ చదువుతూనే ఉన్నాం.

హార్టిల్‌పూల్ పట్టణం సంగతి చెప్పకపోతే ఈ విమర్శ అన్యాయమవుతుంది. ఈ వేడుక ఎవరి విలాసమో కాదు. అది ఓడలు కట్టిన ఊరు. విలియం గ్రే కంపెనీ కార్ఖానాలో తరాలు పనిచేశాయి. 1962లో అది మూతబడింది. 1977లో ఉక్కు తయారీ ఆగిపోయింది. రేవు పాడుబడింది. ఆ పాడుబడ్డ రేవు నేలమీదే ఈ పూర్వకాలపు వీధి లేచింది. నిజమైన ఓడల పని పోయినచోట ఓడల జ్ఞాపకం పరిశ్రమ అయింది. దీన్ని ఎగతాళి చేయడం సులువు. కాని పని పోయిన ఊరు ఏం చేయాలి? 1979 నుంచి 1987 దాకా వారియర్ అనే 1860 నాటి ఇనుప యుద్ధనౌకను అక్కడి పనివాళ్లు బాగుచేసి పోర్ట్స్‌మత్‌కు పంపారు. తర్వాత ట్రింకోమలీ వచ్చింది. దాన్ని బాగుచేయడం పూర్తయ్యేసరికి 2001. మూతబడ్డ కార్ఖానాల ఊరి చేతుల్లో పని ఇంకా ఉందని అది రుజువు చేసింది. పాత పలకను తీసి, కుళ్లినంత మేర కోసి, కొత్త కొయ్యను అతికే వడ్రంగి ఏ వేషమూ వేయలేదు. అతని ఉలి కింద ఉన్నదే బొంబాయి వడ్రంగి ఉలి దెబ్బ. ఆ ఇద్దరు పనివాళ్లకూ మధ్య రెండు శతాబ్దాలు, సామ్రాజ్యం పుట్టి గిట్టిన చరిత్ర ఉన్నాయి. మొత్తం రేవులో సజీవ చరిత్ర అని నేను ఒప్పుకునేది ఆ అతుకునే.

పక్కనే ఇంకొక ఓడ ఉంది, జనం అంతగా పట్టించుకోనిది. వింగ్‌ఫీల్డ్ కాసిల్ అనే చక్రాల ఆవిరిపడవ. 1934లో అదే ఊళ్లో గ్రే కంపెనీ కట్టింది. హంబర్ నదిని దాటించేది. పనికి పోయేవాళ్లనూ, సంతకు పోయేవాళ్లనూ, కోళ్లనూ గొడ్లనూ మోసింది. యుద్ధం గెలవలేదు, ఓడిపోలేదు. తమ తాతలు కట్టిన ఓడ అది. తమది కాని యుద్ధనౌకకు ఊరు పెద్దపీట వేసి, తమ చేతి పడవను పక్కన ఉంచడంలో ఆశ్చర్యం లేదు. సందర్శకుడు డబ్బు పెట్టేది ఫిరంగికే గదా.

ఆ ఊరి గురించి మరో ముక్క. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఓడ బద్దలై ఒడ్డుకు కొట్టుకొచ్చిన కోతిని ఫ్రెంచి గూఢచారి అనుకుని ఉరితీశారని వాళ్లమీద ఒక కథ ఉంది. ఊరి ఫుట్‌బాల్ జట్టుకు ఆ కోతే చిహ్నం. 2002లో ఆ కోతివేషం వేసే స్టూవర్ట్ డ్రమండ్ అనే యువకుడు బడిపిల్లలకు అరటిపళ్లు ఉచితంగా ఇస్తానని మేయరు పదవికి నిలబడి గెలిచాడు. తర్వాత రెండుసార్లు మళ్లీ గెలిచాడు. పార్టీలమీద ఊరికి ఎంత విరక్తి కలిగితే ఇలా జరుగుతుందో లేబర్ పార్టీ పెద్దలు ఆలోచించుకోవలసింది. నాకు మాత్రం అది పగటివేషానికి దగ్గరగా కనిపించింది. ఎర్రకోటు కవాతులో లేని కాటు ఆ కోతితోకలో ఉంది.

మన తీరానికి కూడా ఇటువంటివి వస్తున్నాయి గనుక ఈ చర్చ మనకు దూరపు చర్చ కాదు. గోదావరి ముఖంలో కోరంగి రేవు ఓడలు కట్టి, బాగుచేసి బతికింది. 1839 తుపాను దాన్ని ముంచింది. ఆ రేవు పేరుమీద రంగూన్‌లో తెలుగు కూలీలను కోరంగీలు అన్నారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు బర్మా కూలీలను పనిలోకి తెచ్చాయి. ఒప్పందం కుదరగానే వాళ్లను పొమ్మన్నాయి. పేదవాడూ పేదవాడూ కత్తులు దూసుకున్నారు, మనవాళ్లు ఎందరో చచ్చిపోయారు. కోరంగిలో రేపు ఎవరైనా నౌకా ఉత్సవం పెడితే తెరచాపలూ తెడ్లూ తప్పకుండా ఉంటాయి. 1930 మే నెల ఉంటుందా?

విశాఖపట్నం సముద్రతీరాన కుర్సురా జలాంతర్గామిని 2002లో ప్రదర్శనశాల చేశారు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది, 2001లో విరమించింది. లోపల సందర్శకులకు వివరించేది వేషధారులు కారు. నౌకాదళంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాళ్లే. ఇరుకు పడకను చూపి ఇక్కడ పడుకునేవాళ్లమంటారు. స్నానానికి నీళ్లు చాలేవి కావంటారు. తమ పని గురించి తామే చెబుతారు గనుక గుండీల బాధ లేదు. హార్టిల్‌పూల్ ఖర్చుపెట్టి కొనలేనిది మనకు అక్కడ ఊరికే దొరుకుతున్నది. అయితే గుంపు వెంట గుంపు తోసుకొస్తుంటే వాళ్లు టార్పెడో గురించి చెప్పి పంపేస్తారు, అడిగేవాళ్లూ టార్పెడో గురించే అడుగుతారు. విద్యార్థులను తీసుకెళ్లే ఉపాధ్యాయులు ఈసారి ఆ పెద్దమనుషులను ఒక పక్కకు కూర్చోబెట్టి, ఎంత జీతం వచ్చేది, ఎన్నాళ్లకొకసారి ఇంటికి వెళ్లేవారు, ఇంట్లో ఎలా గడిచేది అని పిల్లలచేత అడిగించి, చెప్పినదంతా రాయించి ఈ పత్రికకు పంపాలి.